మౌస్ కదిపే మనిషి

గొర్రెల ఉన్ని కత్తిరించే వారంలో తొమ్మిదిన్నరకి షెడ్డులో టీ ఉండాలి. తొమ్మిదీ ముప్పై అయిదుకి కాదు, తొమ్మిదిన్నరకి. పొద్దున ఏడున్నరకి గంట కొడితే కత్తెర మిషన్లు మొదలవుతాయి, తొమ్మిదిన్నరకి ఆగుతాయి. ఆగిన ఆ అరగంట పేరు స్మోకో. ఆ అరగంటలో టీ చల్లారినా, సాసేజ్ రోల్స్ మెత్తబడినా, ఆస్ట్రేలియాలో ఈ డెనిలిక్విన్ ఊరి చుట్టుపక్కల ఏ షెడ్డుకి వెళ్ళినా ఆ కబురు మనకంటే ముందే అక్కడ కూర్చుని ఉంటుంది. ఇక టీ అసలే రాకపోతే ఏమవుతుందో ఎవరికీ తెలీదు, ఎందుకంటే అలా ఎప్పుడూ జరగలేదు. ముప్పై ఒక్క ఏళ్ళు అత్తగారు బెవర్లీ మోసింది, తరవాత పదిహేడేళ్ళుగా కోడలు నరెల్ మోస్తోంది.

ఆ సోమవారం నరెల్ స్కోన్లనే చిన్న రొట్టెలకి వెన్న రాస్తూ ఒక కన్ను గడియారం మీద, ఒక చెవి వెనక వరండా చివరి గది మీద వేసి ఉంచింది. ఆ గదిలో కంప్యూటర్ ఉంది. అది ఈస్టర్ తరవాత నుంచి పడిపోతోంది. పడిపోవడమంటే బల్ల మీంచి కింద పడటం కాదు. బాగా నడుస్తున్నది నడుస్తున్నట్టే ఉండి, తెరంతా నీలంగా మారిపోయి, నాలుగు అర్థంకాని వరుసలు చూపించి చచ్చిపోతుంది. మళ్ళీ లేపితే లేస్తుంది గానీ, ఉన్ని బేళ్ళ వివరాలు రాసుకునే ఫైల్లో సగం మింగేసి లేస్తుంది. ఏ బేలులో ఏ రకం ఉన్ని, ఎంత బరువు, ఏ మంద నుంచి వచ్చింది అన్నీ అందులో ఎక్కించి శుక్రవారం మధ్యాహ్నం పన్నెండు లోపల మెల్‌బోర్న్‌లో ఉన్ని ఏజెంటుకి పంపాలి. పంపకపోతే ఈ విడత వేలం జాబితాలో వీళ్ళ ఉన్ని ఉండదు. ఏడాది పాటు ఎండలో వానలో పెంచినదంతా ఇంకో నెల గోదాములో పడుంటుంది.

"నువ్వేదో నొక్కి ఉంటావ్," అన్నాడు వారెన్. మొగుడు మంచివాడే. చెయ్యెత్తడు, గొంతెత్తడు. ఎప్పుడు ఏది చెడిపోయినా 'నువ్వేదో నొక్కి ఉంటావ్' అంటాడంతే. వాషింగ్ మిషన్ ఆగినా అదే మాట, నీళ్ళ పంపు ఆగినా అదే మాట.

అసలు మంట ఆదివారం నాటిది. మధ్యాహ్నం భోజనాల దగ్గర, గొర్రెమాంసం వేపుడు బల్ల మీదికొచ్చాక, నరెల్ చేతిలో బంగాళాదుంపల గిన్నె ఉండగా మామగారు కీత్ చెప్పాడు. "జూలై నుంచి ఆ ఆఫీసు గది పనంతా ట్రెంట్ చూసుకుంటాడు అమ్మాయ్. మెల్‌బోర్న్‌లో కూర్చునే చూస్తాడట. నీకా తలనొప్పి వదిలిపోతుంది." ట్రెంట్ వారెన్ తమ్ముడు. మెల్‌బోర్న్‌లో కంప్యూటర్లు అమ్మే కొట్లో పనిచేస్తాడు. కంప్యూటర్లు అమ్మేవాడికి కంప్యూటర్లన్నీ తెలుసని ఈ ఇంట్లో నమ్మకం. కీత్ మాంసం ముక్క కోసుకుంటూ ఇంకో మాట అన్నాడు. "ఊరికే చేయించుకుంటే బావుండదు కదా. వాడి టైముకో విలువుంటుంది. నెలకింత అని ఇద్దాం." వారెన్ తలూపి, గిన్నె ఇలా ఇవ్వమని చెయ్యి చాపాడు. నరెల్ ఇచ్చింది.

పదిహేడేళ్ళు. పెళ్ళికి ముందు డెనిలిక్విన్ లైబ్రరీలో పనిచేసినప్పుడు అక్కడికి మొదటి కంప్యూటర్లు వస్తే పెట్టెలు విప్పి, తీగలు కలిపి, పుస్తకం చదువుకుంటూ నడిపించింది తనే. ఈ ఇంటికొచ్చాక గొర్రెల లెక్క, టీకాల తేదీలు, నీటి వాటా కాగితాలు, పన్నులు, ఉన్ని, అన్నీ ఆ వరండా గదిలో తన చేతి మీదుగానే వెళ్ళాయి. చుట్టూ నలభై మైళ్ళలో ఎవరింట్లో ప్రింటర్ మొరాయించినా ఆడవాళ్ళు నరెల్‌కే ఫోన్ చేస్తారు, బదులుగా క్విన్స్ పళ్ళ జామ్ సీసాలు పంపిస్తారు. అలమర నిండా జామే. ఇంతకాలంలో ఒక్కరోజు, ఒక్కరంటే ఒక్కరు, తన టైముకి విలువుందని అనలేదు. 'నరెల్ కంప్యూటర్ దగ్గర ఆడుకుంటోంది' అనేవాడు కీత్ ఎవరైనా ఇంటికొస్తే. అదే కుర్చీలో, అదే పని, ట్రెంట్ చేస్తే మాత్రం ఉద్యోగం. తను చేస్తే ఆట. పైగా తలనొప్పి వదిలిస్తున్నారట. ఆ ఇంట్లో తనకంటూ ఉన్నది ఆ గది ఒక్కటే. అక్కడ తను ఎవరి భార్యా కాదు, ఎవరి కోడలూ కాదు. ఒక చిక్కు ముందు కూర్చున్న తెలివైన మనిషి. అది లాక్కుంటూ మేలు చేస్తున్నామంటున్నారు. ఒళ్ళు మండిపోయింది.

సోమవారం తొమ్మిదిన్నరకి టీ ఇచ్చి, ఉన్ని రకాలు తేల్చే హినే దగ్గర బేళ్ళ పుస్తకం తీసుకుని తిరిగొచ్చేసరికి తెర నీలం. మళ్ళీ లేపి, మింగేసినవన్నీ మళ్ళీ ఎక్కించింది. మధ్యాహ్నం అందరికీ అన్నాలు పెట్టి వచ్చేసరికి నీలం. మూడింటి స్మోకో తరవాత నీలం.

మంగళవారం పద్ధతిగా మొదలుపెట్టింది. కంప్యూటర్ లేవగానే దానితోపాటు తమంతట తామే లేచే ప్రోగ్రాములు ఇరవై రెండున్నాయి. కాగితం మీద రాసుకుని, సగం ఆపి, సగం ఉంచి చూసింది. పడిపోతే తప్పు ఉంచిన సగంలో ఉన్నట్టు. పడకపోతే ఆపిన సగంలో. అలా సగం, సగంలో సగం చేసుకుంటూ పోతే దొంగ దొరకాలి. దొరకలేదు. తను ఎదురుగా కూర్చుని చూస్తున్నంతసేపూ అది మహా బుద్ధిగా నడిచింది, అన్నీ ఉంచినా నడిచింది. "చూశావా, బానే ఉంది," అన్నాడు వారెన్ తలుపు దగ్గర బూట్లు విప్పుతూ. "నువ్వనవసరంగా కంగారు పడతావ్. ట్రెంట్ రానీ."

ప్రతి కంప్యూటరూ తను పడిపోయిన ప్రతిసారీ ఎన్నింటికి పడిందో ఒక మూల రాసిపెట్టుకుంటుంది. ఎవరూ చూడని ఆ చిట్టాని నరెల్ బుధవారం పొద్దునే తెరిచి, ఈస్టర్ దగ్గర్నుంచి తేదీలూ టైములూ ఒక నోటుబుక్కులో రాసుకుంది. ఈ వారంవి చూస్తే తొమ్మిదీ నలభై ఒకటి, పన్నెండూ పదహారు, మూడూ పన్నెండు, మళ్ళీ తొమ్మిదీ నలభై. అవి కంప్యూటర్ టైములు కావు. తన టైములు. తను బుట్ట పట్టుకుని షెడ్డుకి వెళ్ళిన టైములు, వంటింట్లో పళ్ళేలు పెట్టిన టైములు. 'నువ్వేదో నొక్కి ఉంటావ్' అన్న మనిషిని పిలిచి ఆ పేజీ చూపించాలనిపించింది. ఒక్కసారి కూడా, ఒక్కసారంటే ఒక్కసారి కూడా, తను దాన్ని ముట్టుకుంటుండగా పడలేదు. తను వదిలేసి వెళ్ళినప్పుడే పడింది.

అయితే వదిలేస్తే ఏం చేస్తోంది అది? తెలుసుకోవాలంటే ఒకటే దారి. నరెల్ కుర్చీలో వెనక్కి వాలి, చేతులు ఒళ్ళో పెట్టుకుని, ఏమీ చెయ్యకుండా కూర్చుంది. పదిహేడేళ్ళలో ఆ ఇంట్లో చేతులు ముడుచుకుని కూర్చున్నది ఆ పది నిమిషాలే అయి ఉంటుంది. మొదట్లో చేతులకి ఏం చెయ్యాలో తోచక వేళ్ళు మెలిపెట్టుకుంది. సరిగ్గా పదో నిమిషం దాటగానే తెర కింది మూల రెండు చిన్న బొమ్మలు ఒక్కసారే గిర్రున తిరగడం మొదలెట్టాయి. కాసేపటికి తెర నీలం.

దొంగలు ఇద్దరు. రెండూ యాంటీవైరస్‌లే. ఒకటి పాతది, ఉన్ని ఏజెంటువాళ్ళు తమ ప్రోగ్రాంతోపాటు ఇచ్చినది, అది లేకపోతే వాళ్ళకి జాబితా వెళ్ళదు. రెండోది ఈస్టర్‌కి వచ్చినప్పుడు ట్రెంట్ పెట్టి వెళ్ళింది. అప్పుడే అడిగింది తను, ఒకదాని మీద ఇంకోటి ఎందుకు అని. "ఒక కాపలా కంటే రెండు కాపలాలు మేలు కదా నరెల్. నువ్వు మాత్రం ఏమీ ముట్టుకోకు," అని నవ్వి, దాని అమరికలకి తన పాస్‌వర్డ్‌తో తాళం వేసి మరీ పోయాడు. కంప్యూటర్‌ని ఎవరూ వాడని పది నిమిషాలు చూసుకుని రెండూ ఒకేసారి సోదాకి లేస్తున్నాయి. ఇది తెరిచిన ఫైలు అది లాక్కుంటోంది, అది తెరిచింది ఇది లాక్కుంటోంది, ఒకదానికి ఇంకోటి దొంగలా కనబడుతోంది. ఆ తాళం అమరికలు మార్చకుండానే గానీ, ప్రోగ్రాంని ఆపకుండానో తియ్యకుండానో కాదు. నరెల్ ట్రెంట్‌ది ఆపి పది నిమిషాలు కూర్చుంది. పడలేదు. అది ఉంచి పాతది ఆపి కూర్చుంది. పడలేదు. దేనికది మంచిదే. రెండూ కలిస్తేనే చావు. ట్రెంట్‌ది ఆపి ఉంచి లేచింది. ఆ పొద్దున షెడ్డుకి టీ తీసుకెళ్తూ చిన్నగా ఈల వేసుకుంది. తిరిగొచ్చేసరికి కంప్యూటర్ బతికే ఉంది.

మధ్యాహ్నం బల్ల దగ్గర చెప్పింది. కీత్‌కి అర్థమయ్యే భాషలోనే చెప్పింది. "ఒక మందని రెండు కొత్త కుక్కలు చెరో పక్కనించీ తిప్పబోతే ఏమవుతుంది? కుక్కలు రెండూ మంచివే. మంద మాత్రం కంచె తెంచుకుని పోతుంది. ఇక్కడా అంతే. ఒక కుక్కని కట్టేశాను."

కీత్ మెచ్చుకోలుగా తలూపాడు. ఒక్క క్షణం నరెల్‌కి గుండెల్లో వెచ్చగా అనిపించింది. "ట్రెంట్‌కి చెప్పావా?" అన్నాడు ఆ వెంటనే.

ఫోన్ స్పీకర్లో పెట్టారు. అవతల్నించి ట్రెంట్ గొంతు ముందే చిరాగ్గా ఉంది. "నేనే ఫోన్ చేద్దామనుకుంటున్నా. ఇందాకట్నించి మీ కంప్యూటర్ నాకు కనబడటం లేదు. నా ప్రోగ్రాం ఎవరు ఆపారు?"

"నేనే," అంది నరెల్. ఏం జరుగుతోందో, టైములతో సహా చెప్పింది.

"అవుననుకో, అలా కావచ్చు," అన్నాడు ట్రెంట్. "కానీ మీ కంప్యూటర్ నాకు కనబడేది ఆ ప్రోగ్రాంలోంచే. నాది తీస్తే జూలై నుంచి ఇక్కణ్ణించి నేనెలా చూడను? అది ఉండాల్సిందే. ఇప్పటికి సింపుల్‌గా ఒకటి చెయ్యండి. పది నిమిషాలు ఊరికే వదిలెయ్యకండి. ఎవరో ఒకరు మౌస్ కదుపుతూ ఉంటే చాలు. వచ్చే నెల వచ్చి నేను చూస్తా."

"విన్నారా, తేలిపోయింది," అన్నాడు కీత్ ఫోన్ పెట్టేసి. "వాడికి పట్టుబడింది మొత్తానికి."

"వాడికి పట్టుబడటమేంటి?" అంది నరెల్. తన గొంతు తనకే కొత్తగా వినబడింది. "పట్టుకుంది నేను. పెట్టింది వాడు."

"అబ్బా, ఎవరైతేనేం," అన్నాడు వారెన్. "మనింటి పనే కదా. నాన్న సరదా పడుతున్నాడు, ట్రెంట్ నొచ్చుకుంటాడు. కాస్త సర్దుకో. నువ్వు స్మోకోకి వెళ్ళినప్పుడు అమ్మ వచ్చి ఆ మౌస్ కదుపుతూ కూర్చుంటుంది. కదమ్మా?"

బెవర్లీ గ్రేవీ గిన్నెకి మూత పెట్టింది.

ఆ సాయంత్రం షెడ్డు పని ముగిశాక నరెల్ వెళ్ళి ట్రెంట్ ప్రోగ్రాంని మళ్ళీ లేపింది. మొగవాడు పెట్టిన ఒక చిన్న బొమ్మని తియ్యకుండా ఉండడానికి, తుంటి ఎముక మార్పించుకున్న డెబ్భై మూడేళ్ళ ముసలామె కుర్చీలో కూర్చుని ఎలకని అటూ ఇటూ తోస్తూ ఉండాలట. ఈ ఇంట్లో ఏ తప్పుకైనా ఇదే మందు. తప్పు తప్పులా ఉంటుంది, పక్కన ఒక ఆడమనిషిని కాపలా పెడతారు. చినుకు కారే కప్పు కింద గిన్నె పెట్టినట్టు. వారెన్ ఆలస్యంగా వస్తే అన్నం వేడిగా ఉంచే మనిషి, కీత్ నోరు జారితే చుట్టాలకి ఫోన్ చేసి సర్దిచెప్పే మనిషి, ఎవరో ఒకరు. ఆ 'ఎవరో ఒకరు' ఎప్పుడూ తనూ అత్తగారే. ఇరవై రెండు ప్రోగ్రాముల్లో తప్పు ఎక్కడుందో రెండు రోజుల్లో పట్టుకుంది. ఈ ఇంట్లో ఎక్కడుందో పట్టుకోవడానికి పదిహేడేళ్ళు పట్టింది. అప్పుడు అనుకుంది, సరే, మౌస్ కదపడమే కావాలంటే కదుపుతాను.

గురువారం పొద్దున నరెల్ స్కోన్లు కాల్చింది. సాసేజ్ రోల్స్ వేడి చేసింది. లామింగ్‌టన్ కేకు ముక్కలు కోసి డబ్బాలో సర్దింది. పెద్ద టీ పాత్ర నింపి, కప్పులు లెక్కపెట్టి బుట్టలో పెట్టి, బుట్ట వంటింటి బల్ల మీద ఉంచింది. చెయ్యాల్సిందంతా చేసింది, మొయ్యడం ఒక్కటే మిగిలింది. తొమ్మిదీ పాతిక్కి వరండా గదిలోకి వెళ్ళి కుర్చీలో కూర్చుని, మౌస్ మీద చెయ్యి వేసింది. షెడ్డులో గంట కొట్టడం, మిషన్లు ఆగడం కిటికీలోంచి వినబడ్డాయి. బేళ్ళ వివరాలు నింపుకుంటూ, మధ్యమధ్య మౌస్ కదుపుతూ ఉండిపోయింది.

తొమ్మిదీ నలభైకి ట్రక్కు గేటు దగ్గర గట్టిగా ఆగింది. వారెన్ బూట్లతోనే లోపలికొచ్చాడు.

"ఏమైంది? ఒంట్లో బాలేదా?"

"బానే ఉన్నా."

"మరి టీ?"

"వంటింట్లో ఉంది."

"ఉంటే? అక్కడ వాళ్ళు ఉత్త చేతుల్తో కూర్చుని నన్ను చూసి నవ్వుతున్నారు."

"మౌస్ కదపాలి కదా వారెన్. పది నిమిషాలు వదిలేస్తే పడిపోతుంది. నిన్న నువ్వూ, మీ నాన్నా, మీ తమ్ముడూ కలిసి తేల్చిందే."

"అమ్మ కూర్చుంటుందనుకున్నాం కదా."

"నేను కూర్చోను," అంది బెవర్లీ వంటింట్లోంచి. ఆవిడ అక్కడ ఉందని ఎవరూ అనుకోలేదు. "ఆ బుట్ట కూడా మొయ్యను. ముందే చెప్తున్నా."

కీత్ రొప్పుతూ వచ్చాడు, వెనకే హినే బేళ్ళ పుస్తకం పట్టుకుని. హినే గడప దగ్గరే ఆగి నరెల్‌ని చూసి, కీత్‌ని చూసి, మామూలుగా చెప్పింది. "టీ తాగడం మొదలుపెట్టాకే అరగంట లెక్కట. కత్తిరించేవాళ్ళు అప్పటిదాకా కత్తెర ముట్టుకోరట. దొడ్లో రెండొందల గొర్రెలున్నాయి, నైరుతిన మబ్బు పడుతోంది. తడిస్తే ఇవాళ ఇక కత్తిరించరు." పుస్తకం నరెల్ చేతికిచ్చి, నవ్వు కనబడకుండా తల తిప్పుకుంది.

కీత్ మొహం ఎర్రబడింది. కిటికీలోంచి మబ్బు చూశాడు. తెర చూశాడు. "తీసెయ్," అన్నాడు. "ట్రెంట్ గాడిది తీసి పారెయ్."

నరెల్ తీసేసింది. దానికి రెండు నిమిషాలు కూడా పట్టలేదు. కంప్యూటర్ ఒకసారి ఆగి లేచింది. మూలన ఇప్పుడు ఒక్క బొమ్మే ఉంది.

"ఇక వదిలేసినా పడదు కదా?"

"పడదు."

"అయితే లే అమ్మాయ్. బుట్ట పట్టుకెళ్ళు."

"బుట్ట వారెన్ పట్టుకెళ్తాడు," అంది నరెల్. "రేపు పన్నెండు లోపల జాబితా నేను పంపిస్తా, అది నా పూచీ. జూలై నుంచి మాత్రం ట్రెంట్‌కి ఇద్దామనుకున్న జీతం నాకివ్వాలి. లేదంటే ఈ కుర్చీకి ఒక మనిషినీ, ఆ బుట్టకి ఒక మనిషినీ వెతుక్కోండి. గుర్తుంచుకోండి, ఇద్దరు కావాలి."

"ఇంటి మనిషికి జీతమా?" అన్నాడు కీత్. నిజంగానే ఆశ్చర్యపోయాడు.

"ట్రెంట్ ఇంటి మనిషి కాడా?"

వంటింట్లో బెవర్లీ టీ పాత్రలోంచి ఒక కప్పు వంపుకుంటున్న చప్పుడైంది, షెడ్డు కోసం నింపిన పాత్రలోంచే, అందరికంటే ముందు. వారెన్ కాసేపు నిలబడి, వెళ్ళి బుట్ట ఎత్తాడు. అది అంత బరువుంటుందని అనుకోలేదేమో, మళ్ళీ కింద పెట్టి రెండు చేతుల్తో పట్టుకున్నాడు. హినే అతనికి తలుపు తీసి పట్టుకుంది. కీత్ మాత్రం గడపలోనే ఉండిపోయాడు, కోడలు లేస్తుందని ఇంకా చూస్తూ.

నరెల్ మౌస్ మీంచి చెయ్యి తీసేసింది. కుర్చీలోంచి లేవలేదు.